విమానం మారాం

మా అమ్మాయి డాలస్ నుంచి ఫోన్ చేసింది. డిసెంబర్లో వస్తోంది, రెండేళ్ళ పాపని తీసుకుని. అల్లుడికి సెలవు దొరకలేదు. దోహాలో తొమ్మిది గంటలు ఆగాలిట. "నన్నూ తమ్ముడ్నీ వేసుకుని నువ్వొక్కదానివే షికాగో వెళ్ళావు కదమ్మా, మధ్యలో అన్ని గంటలు మమ్మల్ని ఎలా ఆడించావు?" అని అడిగింది.

చెప్పబోతే వెంటనే ఏమీ తట్టలేదు. 2003 జూన్ నాటి మాట. దానికి ఐదేళ్ళు, వాడికి రెండు. వాళ్ళ నాన్న ఉద్యోగం పని మీద ముందే వెళ్ళాడు. కాలేజీకి సెలవులు కాబట్టి నేను పిల్లలతో వెనక బయల్దేరాను. గుర్తు లేకపోతేనేం, రాసి పెట్టాను కదా అనుకున్నాను. తిరిగొచ్చాక ఆ ప్రయాణం గురించి ఒక పత్రికకి పెద్ద వ్యాసం రాసాను. మధురానగర్‌లో మా ఇంటి అటక మీది అట్టపెట్టె దింపించి, ఆ పాత సంచిక వెతికి పట్టుకున్నాను.

వ్యాసం ఐదు పేజీలుంది. అందులో ఒకటిన్నర పేజీ షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ గురించే. 1893లో వివేకానందుడు మాట్లాడిన సర్వమత సభ ఆ భవనంలోనే జరిగిందని రాసాను. మిషిగన్ సరస్సు గురించి రాసాను, గ్రంథాలయాల గురించి రాసాను. దారి గురించి మాత్రం ఒక్క వాక్యం వుంది. "ముంబై మీదుగా ఫ్రాంక్‌ఫర్ట్ చేరి అక్కడ విమానం మారాం."

అంతే. ముంబైలో ఏడు గంటలు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆరు గంటలు ఆ నాలుగు మాటల కింద పడి వున్నాయి. మన భాషలో మారాం అన్న మాటకి రెండర్థాలున్నాయి. నేను మొదటి అర్థంలో రాసాను. జరిగింది రెండోది.

ఈ వాక్యం నా ఒక్కదానిదే అయితే దీని గురించి ఇంత ఆలోచించేదాన్ని కాదు. ఆ వారమంతా నా దగ్గరున్న యాత్రా పుస్తకాలు మళ్ళీ తిరగేసాను. ఇదే వాక్యం ఊరి పేరు మార్చుకుని చాలా చోట్ల కనిపించింది. ఆధునిక యాత్రారచనలో బయల్దేరడం వుంటుంది, చేరడం వుంటుంది. మధ్యలో ఆగడం వుండదు. ఆగిన చోట చూడదగ్గదేమీ లేదన్నది మన నమ్మకం. చూడదగ్గది లేకపోవచ్చు. చేయక తప్పనిది మాత్రం బోలెడంత వుంటుంది, ముఖ్యంగా చంకలో పిల్లాడున్న మనిషికి.

ఒకప్పుడు ఇలా లేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి మర్నాటి ఏడు సెప్టెంబర్లో తిరిగొచ్చాడు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. ఆయన పుస్తకంలో మజిలీయే ముఖ్యం. ఈ ఊళ్ళో అంగళ్ళున్నాయా, నీళ్ళ వసతి ఎలా వుంది, దిగడానికి చోటుందా, ముందు దారి ఎలాంటిది అని వరసగా రాసుకుంటూ పోతాడు. తర్వాత వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందన్న స్పృహ అడుగడుగునా వుంటుంది. ఆయన వెంట పెద్ద పరివారం వుంది. ఆ మజిలీల్లో ఆడవాళ్ళు ఏం చేసారో ఆయన పెద్దగా చెప్పడు. అయినా మజిలీ అంటూ ఒకటుందని, అక్కడ నీళ్ళూ నిప్పూ కావాలని ఆయనకి తెలుసు. నా వ్యాసంలో అది కూడా లేదు.

స్త్రీలు రాయలేదా అంటే రాసారు. పోతం జానకమ్మ ఇంగ్లండు ప్రయాణ పుస్తకం 1876లోనే మద్రాసులో అచ్చయింది. నాయని కృష్ణకుమారి 'కాశ్మీర దీపకళిక' నా తరం వాళ్ళం ఇష్టంగా చదువుకున్నాం. అది విద్యార్థినులతో కలిసి చేసిన ప్రయాణం. మనల్ని ఇల్లు దాటి రమ్మని పిలిచిన పుస్తకాలు అవి. వాటిని చదివి నేను నేర్చుకున్నది మాత్రం ఒక పాఠమే. ప్రయాణం గురించి రాసేటప్పుడు చేతులు ఖాళీగా వుండాలి అని. అది ఆ పుస్తకాలు చెప్పిన పాఠం కాదు, నేను తీసుకున్న పాఠం.

మజిలీ అంటే మనందరికీ ముందు గుర్తొచ్చేది 'కాశీమజిలీ కథలు'. మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలుగా రాసిన ఆ పుస్తకం అసలు కథ ఏమిటి? మణిసిద్ధుడికి కాశీ వెళ్ళాలని వుంది. తోడు ఎవరూ రారు. చివరికి పశువులు కాచుకునే కుర్రాడొకడు వస్తానంటాడు, ఒక షరతు మీద. ప్రతి మజిలీలోనూ తనకి కనబడిన వింత గురించి అడుగుతాడు, దానికి కథ చెప్పాలి. చెప్పకపోతే ముందుకు కదలడు.

ఈ షరతు నాకు బాగా తెలుసు. పిల్లల్ని తీసుకుని ప్రయాణం చేసిన ఆడవాళ్ళందరికీ తెలుసు. కథ చెప్తేనే నడుస్తాను, లేకపోతే ఇక్కడే కూర్చుంటాను. కాశీమజిలీ కథల్ని మనం అద్భుత కథల సంపుటంగా చదువుకున్నాం. నాకిప్పుడు అది ఒక పిల్లాడి మారాం చుట్టూ కట్టిన పుస్తకంలా కనిపిస్తోంది. ఒక మజిలీలో తెగిన కథ తర్వాతి మజిలీలో అందుకోవడం, కథలోంచి కథలోకి పోవడం అంతా ఆగుతూ సాగే ప్రయాణంలోంచి పుట్టిన పద్ధతే.

అయితే మణిసిద్ధుడికి కొన్ని సౌకర్యాలున్నాయి. ఆయన దగ్గర ఒక మణి వుంది. దాని మహిమ వల్ల ఏ వింత వెనక ఏ కథ వుందో తెలిసిపోతుంది. వినేవాడు తన కాళ్ళ మీద తను నడిచేవాడు, తన చెంబు తను పట్టుకుపోగలవాడు. కథ మధ్యలో మణిసిద్ధుడు ఎవరికీ బట్టలు మార్చనక్కర్లేదు. పాస్‌పోర్టులు మూడూ వున్నాయో లేదో పదినిమిషాలకోసారి తడుముకోనక్కర్లేదు. ఆయన చేసింది సాహిత్యం అయింది. అదే షరతు మీద, అలాంటి మజిలీలోనే, ఆ సౌకర్యాలేవీ లేకుండా నేను చేసిందానికి పేరేమిటి? నేనే దానికి పేరు పెట్టలేదు.

కూర్చుని జ్ఞాపకం చేసుకుంటే ఫ్రాంక్‌ఫర్ట్ కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. సామాను తోసుకుపోయే ట్రాలీ అమలాపురం బస్సయింది. మా అమ్మాయి కండక్టరు. అద్దాల గోడ దగ్గర ఒక స్టాపు, మంచినీళ్ళ దగ్గర ఒక స్టాపు. బస్సు ఎన్నిసార్లు తిరిగిందో లెక్క లేదు. తర్వాత విమానాల తోకలు చూసి రంగులు చెప్పడం. ఎర్ర సూట్‌కేసు కనబడితే ఎద్దు, నల్లది కనబడితే గేదె. నల్లవే ఎక్కువ కాబట్టి గేదెలు చాలా అయ్యాయి. చేతులు కడుక్కోవడానికి వెళ్ళి రావడం ఒక ఊరు వెళ్ళొచ్చినట్టు. అందులో పదిహేను నిమిషాలు గడుస్తాయి. కథలు చెప్పాను, కానీ ఏ కథా పూర్తి కాలేదు. సగంలో వాడికి ఆకలి, ముప్పావులో దానికి బాత్రూం. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు రాజుగారి ఏడుగురు కొడుకులు ఆరుగురయ్యేవాళ్ళు. "ఇంకో అబ్బాయేడీ?" అని అది నిలదీసేది. ఆ ఏడోవాణ్ణి వెతకడమే కొత్త కథ అయ్యేది.

నాలుగో గంటలో వాడు నేల మీద పడి దొర్లాడు. ఎదురు కుర్చీలో పెద్దమనిషొకాయన పేపరు దించి చూసాడు. తెలుగాయనే. "పిల్లల్ని కాస్త కంట్రోల్ చేసుకోవాలమ్మా" అన్నాడు. నేను సారీ చెప్పాను. ఆయనకి సారీ ఎందుకు చెప్పానా అని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు అది కూడా పనిలో భాగమే. పిల్లల్ని ఆడించడం, చుట్టుపక్కల వాళ్ళని శాంతింపజేయడం, రెండూ ఒకే మనిషి చెయ్యాలి. ఇదే విమానాశ్రయంలో ఒక తండ్రి పిల్లాణ్ణి భుజాన వేసుకుని తిరిగితే అందరూ నవ్వుతూ దారిస్తారు. అమ్మ అదే పని చేస్తే ఎవరి కంటా పడదు. పిల్లాడు ఏడ్చినప్పుడే ఆమె కనబడుతుంది.

తల్లి చేతిలో వున్నదాన్ని లోకం ఎలా చూస్తుందో 2006 ఆగస్టులో ఇంకా బాగా బయటపడింది. విమానాల్లోకి ద్రవాలు తీసుకెళ్ళడం మీద ఆంక్షలు వచ్చినప్పుడు, బ్రిటన్‌లో పసిపిల్లల పాలసీసాలో పాలని వెంటవున్న పెద్దవాళ్ళు తాగి చూపించాలన్నారు. భద్రత కోసమే, కాదనను. కానీ మన ప్రయాణ సాహిత్యం పట్టించుకోని ఆ పాలసీసాని ప్రభుత్వాలు పట్టించుకున్నాయి.

ఇప్పుడు నన్ను నేను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. 1980, 90ల్లో స్త్రీవాద కవిత్వం చదివి మారినదాన్ని నేను. కొండేపూడి నిర్మల లేబర్‌రూం గురించి, విమల వంటింటి గురించి రాసాక ఇవి కవితా వస్తువులా అని అడిగేవాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి. 1993లో 'నీలి మేఘాలు' వచ్చినప్పుడు క్లాసులో గొంతెత్తి చదివి వినిపించినదాన్ని. పదేళ్ళ తర్వాత నా సొంత ప్రయాణం రాయాల్సివస్తే ఆరు గంటల చాకిరీని ఎందుకు వదిలేసాను?

ఒక కారణం, ఆడించడాన్ని మనం పనిగా లెక్కపెట్టం. వండటం పని, ఉతకడం పని. ప్రసవం నొప్పి. పిల్లలతో ఆడటం మాత్రం ముద్దు, మురిపెం. అందులో అలసట వుందంటే మాతృత్వానికే మచ్చ. ఆ మాట అనడానికి మనం కూడా జంకాం. రెండో కారణం ఇంకా ఇబ్బందికరమైంది. నాకు యాత్రికురాలిగా కనిపించాలని వుండేది. మ్యూజియం ముందు ఒంటరిగా నిలబడ్డ స్త్రీగా. పిల్లల తల్లిగా కనిపిస్తే నా చూపుకి విలువ తగ్గుతుందనుకున్నాను. మగ యాత్రికుడి ఖాళీ చేతుల్ని అరువు తెచ్చుకున్నాను.

పాత వ్యాసం చదువుతుంటే నాకు అన్నిటికన్నా సిగ్గనిపించిన చోటు ఇది. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో మేరీ కసాట్ 1893లో వేసిన ఒక చిత్రం వుంది. చారల గౌను వేసుకున్న స్త్రీ ఒడిలో పాపని కూర్చోబెట్టుకుని, బేసిన్‌లో నీళ్ళు పోసి పాదాలు కడుగుతుంటుంది. దాని గురించి రెండు పేరాలు రాసాను. స్త్రీల రోజువారీ పనిని కళా వస్తువుగా నిలబెట్టిన ధైర్యం అని మెచ్చుకున్నాను. ఆ బొమ్మ ముందు నిలబడ్డప్పుడు మా వాడు నా భుజం మీద నిద్రపోతున్నాడు. ఆ సంగతి వ్యాసంలో లేదు.

మేం వుండే చోటు కూడా నాకు ఈ విషయం ఎప్పుడో చెప్పింది, నేనే వినలేదు. మధురానగర్‌కి ఒక పక్క అమీర్‌పేట. అమెరికా వెళ్ళాలనుకునే పిల్లలు కంప్యూటర్ కోర్సులు చదువుకునే వీధులవి. ఇంకో పక్క యూసుఫ్‌గూడ దాటితే కృష్ణానగర్, సినిమాల్లో చిన్న వేషాల కోసం ఎదురుచూసేవాళ్ళ ఊరు. 2008 మార్చిలో శంషాబాద్‌కి మారేదాకా విమానాలు బేగంపేట నుంచే ఎగిరేవి. ఆ రొద మా మేడ మీదికి వినిపించేది. ఒకసారి మా వీధిలో ఒకరింట్లో షూటింగ్ జరిగింది. ఉయ్యాల్లో పాప నవ్వాలి. కెమెరా పక్కన నేల మీద ఆ పాప తల్లి మోకాళ్ళ మీద కూర్చుని గిలక్కాయ ఊపుతోంది. పొద్దున్న వచ్చిన మనిషి మధ్యాహ్నం రెండింటికి కూడా ఊపుతూనే వుంది. పాప నవ్విన ఒక్క క్షణాన్ని తీసుకున్నారు. తెర మీద పాప నవ్వు వుంటుంది, నవ్వించిన చెయ్యి వుండదు. మన సినిమాల్లో విమానాశ్రయం కూడా అలాంటిదే. హీరో పరిగెత్తుకుంటూ వస్తాడు, హీరోయిన్ వెనక్కి తిరుగుతుంది. వాళ్ళ వెనక కుర్చీల్లో పిల్లలతో వున్నవాళ్ళు మసగ్గా వుంటారు.

మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఒక పెద్దావిడ వున్నారు. కూతురి పురిటికి అమెరికా వెళ్ళి, కూతురూ అల్లుడూ ఉద్యోగాలకి వెళ్ళాలి కాబట్టి పది నెలల మనవణ్ణి తనే తీసుకొచ్చేసారు. ఇంగ్లీషు రాదు. మధ్యలో ఎనిమిది గంటలు ఆగాలి. మా వీధుల్లో ఇలాంటి అమ్మమ్మలు ఇంకా వున్నారు. "ఎలా గడిపారత్తయ్యగారూ?" అని అడిగాను.

"ఏముందమ్మా, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని ఊపాను. వేళ్ళు లెక్కబెట్టాను. వాడి వేళ్ళయిపోతే నా వేళ్ళు. నాకు నిద్రొస్తే వాడెక్కడ జారిపోతాడోనని నా చీర కొంగు వాడి నడుముకి కట్టుకున్నాను" అన్నారు.

"ఇది రాయొచ్చా?" అంటే నవ్వారు. "ఇందులో రాయడానికేముందే!" అన్నారు.

ఆవిడ అన్న మాటా నేను రాసిన వాక్యమూ ఒకటే. నేను కాస్త చదువుకున్న భాషలో అన్నాను.

ప్రవాసం గురించి మనకి మంచి కథలు వచ్చాయి. భాష పోతోందన్న బెంగ, ముసలి తల్లిదండ్రుల ఒంటరితనం, హెచ్-4 వీసా మీద వెళ్ళి చదువంతా ఇంట్లో పెట్టుకుని కూర్చున్న భార్యల కథ. 2015 మే దాకా ఆ వీసా మీదున్నవాళ్ళకి ఉద్యోగం చేసే హక్కే లేదు కాబట్టి ఆ కథలు రావాల్సినవే. కానీ ఆ స్త్రీలు రెండేళ్ళకోసారి పిల్లల్ని వేసుకుని ఒంటరిగా వచ్చిపోయేవాళ్ళు కదా. ఆ కథలు ఎక్కువగా ఇక్కడి ఇంట్లోనో అక్కడి ఇంట్లోనో జరుగుతాయి. రెంటికీ మధ్య కుర్చీల వరసలో జరిగిన కథ నాకు పెద్దగా తగల్లేదు.

ఇప్పుడు మజిలీలు అప్పటిలా లేవు. 2014లో తెరిచిన దోహా విమానాశ్రయంలో ఉర్స్ ఫిషర్ అనే స్విస్ కళాకారుడు చేసిన పెద్ద పసుపుపచ్చ ఎలుగుబంటి బొమ్మ వుంది, ఏడు మీటర్ల ఎత్తు. 2011లో వేలంలో అరవై ఎనిమిది లక్షల డాలర్లు పలికింది. మనవాళ్ళ పిల్లలెందరో దాని ముందు ఫొటో దిగే వుంటారు. ఫొటో ఐదు నిమిషాలు. తొమ్మిది గంటల్లో అది పోగా మిగిలింది అమ్మదే.

మణిసిద్ధుడి మణి కూడా ఇప్పుడు అందరి చేతుల్లో వుంది. వేలు పెడితే ఏ కథైనా వస్తుంది. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకి రోజుకి గంటకి మించి తెర చూపించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ గంట తర్వాత ఎనిమిది గంటలు ఎవరు చూసుకుంటారో చెప్పడం దాని పని కాదు. విమానాశ్రయంలో పిల్ల చేతిలో ఫోన్ చూసి తల్లిని తప్పుపట్టేవాళ్ళని చూస్తే నాకు ఆ పేపరు పెద్దమనిషే గుర్తొస్తాడు.

ఇవన్నీ అమ్మాయికి ఫోన్లో చెప్పాను. ట్రాలీ బస్సు, గేదెలు, చేతులు కడుక్కునే యాత్ర. "కథ పూర్తి చెయ్యాలని చూడకు, తెగనియ్యి" అన్నాను. "వచ్చేసారి సెలవు అల్లుడిగారికి దొరికేట్టు చూసుకోండి. ఒక మజిలీ కథ ఆయన కూడా చెప్పాలి కదా" అని కూడా అన్నాను. అది అంతా విని, "అమ్మా, ఇవన్నీ నాకేం గుర్తు లేవు. నాకు గుర్తున్నది ఎలక" అంది.

ఎలక అనగానే ముంబై మొత్తం గుర్తొచ్చింది.

దేశీయ టెర్మినల్ నుంచి అంతర్జాతీయ టెర్మినల్‌కి బస్సులో వచ్చి, అర్ధరాత్రి కుర్చీల్లో కూలబడ్డాం. మా వాడికి ఒళ్ళు వెచ్చగా వుంది. ఏడుపు ఆపడం లేదు. పక్క వరసలో ఓ పదిమంది ఆడవాళ్ళున్నారు, కోనసీమ వాళ్ళు, ఇంటి పనికి కువైట్ వెళ్తున్నారు. అందులో ఒకామె లేచి వచ్చింది. "ఇటియ్యండి అమ్మగారూ, ఊరుకుంటాడండి" అని చేతులు చాపింది. వాణ్ణి భుజాన వేసుకుని, చున్నీ కొసని మడిచి ముడేసి ఎలకపిల్లని చేసింది. అది ఆమె చేతి మీంచి మా అమ్మాయి మెడ మీదకి గెంతేది. మా అమ్మాయి పకపకా నవ్వింది, వాడూ నవ్వాడు. "మా బుడ్డోడు కూడా ఇంతేనండి, ఎలక్కి తప్ప లొంగడు" అంది. వాడికి మూడేళ్ళట. అమ్మ దగ్గర వదిలి వచ్చిందట. కువైట్‌లో వాళ్ళింట్లో ముగ్గురు పిల్లలట.

"నువ్వు కాసేపు చూస్తావా?" అని అడిగి నేను నిద్రపోయాను. రెండు గంటలు. ఆమెది నా వయసే. ఆమె నన్ను మీరు అంది, నేను ఆమెని నువ్వు అన్నాను. అప్పుడది నా చెవికి తగల్లేదు. ఏ పని కోసం ఆమె కన్నబిడ్డని వదిలి సముద్రం దాటుతోందో, ఆ పనే ఆ రాత్రి నా పిల్లలకి ఉత్తినే చేసింది. నేను లేచేసరికి వాళ్ళ విమానం పిలిచారు. వాణ్ణి నా ఒళ్ళో పెట్టి గబగబా వెళ్ళిపోయింది.

నా వ్యాసంలో ముంబై అన్న మాటుంది, మీదుగా అన్న మాటుంది. ఆమె లేదు. అమ్మ చేసే పని సాహిత్యంలో లేదని ఫిర్యాదు చేస్తూ ఇంత దూరం వచ్చాను. నా వాక్యం కింద నేనొక్కదాన్నే లేను.

"ఆ ఆంటీ పేరేంటమ్మా?" అని అడిగింది అమ్మాయి.

నేను అడగలేదు. మేరీ కసాట్ పేరు మాత్రం నా వ్యాసంలో నాలుగుసార్లు వుంది.